దింపుడు కల్లం దారి

సూరారం,
నవంబర్.

సుస్మితకు పెద్దబాపు రాయునది.

నీ చీటీ మన్నాన్ తెచ్చి ఇచ్చాడు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదని నిష్ఠూరంగా రాశావు. ఎత్తి ఏం చేయను? పోయినేడు నా చెవులు రెండూ పూర్తిగా పోయాయి. డాక్టర్ మిషన్ పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే వినపడింది కింది షెడ్డులో ఇనుము కోసే మోత ఒక్కటే. తీసి పెట్టెలో పడేశాను. ఈ లోకం చెప్పేది వినడానికి అంత హైరానా అక్కర్లేదు. నాతో మాట్లాడాలంటే రాయి. మన్నాన్ వారం వారం జామకాయలు వేసుకుని సూరారం అంగడికి వస్తాడు కదా. పోస్టు కంటే వాడే నయం, జామకాయ కూడా ఇస్తాడు.

మన అలియాబాద్ మున్సిపాలిటీ అయిందనీ, మన వార్డు ఆడవాళ్లకు వచ్చిందనీ, పొదుపు సంఘం ఆడవాళ్లంతా కౌన్సిలర్‌గా నిన్ను నిలబడమంటున్నారనీ రాశావు. కరపత్రం నన్ను రాయమన్నావు, లైబ్రరీలో అన్ని పుస్తకాలు చదివినవాడు ఊళ్లో ఇంకెవరూ లేరు కాబట్టి. అది పొగడ్త అనుకుంటున్నావా? మేడ్చల్ లైబ్రరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ చదివాను. ఆ చదువుకు ఊళ్లో ఒక్క వీధి లైటు వెలగలేదు. మీ నాయిన బతికినన్నాళ్లూ అదే అనేవాడు: "అన్నా, నీ సదువు ఎల్కలకు పనికొస్తది." వాడు నా తమ్ముడు కాబట్టి ఊరుకున్నాను. పోయాడు కాబట్టి మరిచిపోయానని మాత్రం అనుకోకు.

రాస్తాను. ఒక షరతు. మొదటి హామీ నేను చెప్పిందే ఉండాలి: బొందలగడ్డ దారి.

నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. ఊరి నుంచి శ్మశానానికి పోయే బండ్లబాటలో సగం దూరాన ఒక పెద్ద బండ ఉంది. అదే మన దింపుడు కల్లం. పాడె అక్కడ దించాలి. అయినవాళ్లు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఇంకా అటూ ఇటూ తచ్చాడుతుంటే పిలుపు విని తిరిగి వస్తుందని ఆశ. ఎవరూ తిరిగి వచ్చింది లేదు. అయినా తాతల కాలం నుంచి మన ఊళ్లో ఎవరినీ పిలవకుండా పంపలేదు. ఆ బాటనూ ఆ బండనూ మన ఊరి లీడర్ చక్రపాణి తను ప్లాట్లు అమ్మే వెంచర్ ప్రహరీలో కలుపుకున్నాడు. గేటు పెట్టి తాళం వేశాడు. ఖబరస్తాన్‌కు పోయే దారి కూడా అదే. హిందువునూ ముస్లింనూ సమానంగా చూసిన నాయకుణ్ణి నేను వాణ్ణొక్కణ్ణే చూశాను.

మీ పెద్దమ్మను ఆ రోజు ఎలా తీసుకుపోయామో నువ్వు చూడలేదు. ఆడవాళ్లను బడి మలుపు దగ్గరే ఆపేశారు. అది ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇస్తారి


అలియాబాద్,
డిసెంబర్.

పెద్దబాపుకు దండాలు.

నీ షరతు ఒప్పుకున్నాను. మొదటి హామీ బొందలగడ్డ దారే. మన్నాన్ చాచా కూడా అదే మాట అన్నాడు. "బేటీ, రేపో మాపో నేను గూడ గాడికే పోవాలె గద. గోడ దూకుమంటవా నన్ను?" అని నవ్వాడు.

ఏ పార్టీ అండా లేదు. ఇండిపెండెంట్‌గానే దిగుతున్నాను. చక్రపాణి తన మరదలిని నిలబెడుతున్నాడు. ఆమె ఇంకా గడప దాటలేదు, ఫ్లెక్సీల మీద మాత్రం అప్పుడే నమస్కారం పెడుతోంది.

నేనూ, చాచా కోడలు సుమేరా ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఎక్కడికి పోయినా ఒకటే మాట, నీళ్లు. మన బస్తీకి పైపులు వేశారు, నల్లాలు బిగించారు, ఫొటోలు దిగారు. తిప్పితే గాలి వస్తుంది. మూలింటి ముసలవ్వ ఏమందో తెలుసా? "నీళ్లు రాకుంటే రాకపాయె బిడ్డా. ఎండకాలం గా గాలన్న సల్లగొస్తాంది. గది గూడ బందు వెట్టియ్యకు" అంది. సుమేరా నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది.

ట్యాంకర్ వచ్చిన రోజు కొట్లాట. రాని రోజు బోరు దగ్గర వరస. నేనూ తెల్లవారుజామున బిందెతో నిలబడి, ఆ తర్వాతే ఓట్లు అడగడానికి పోతున్నాను. అందుకని రెండో హామీ నీళ్లు రాయి పెద్దబాపూ. మూడోది మురుగు పోయే మోరీలు. బాగా రాయి. నాకు సంఘం లోన్ల ఒప్పంద పత్రాల భాష తప్ప వేరే భాష రాదు.

వేళకు తింటున్నావా? ఆ గదిలో ఒక్కడివే ఏం చేస్తున్నావు? ఇక్కడ మా ఇంట్లో నీకో మంచం ఎప్పుడూ ఉంటుంది.

సుస్మిత


సూరారం,
జనవరి.

సుస్మితకు.

కరపత్రం రాసి దీనితో పంపుతున్నాను. చిన్న వాక్యాలు రాశాను. 'సమగ్రాభివృద్ధి' అన్న మాట వాడలేదు. దాన్ని వాడిన ఏ నాయకుడికీ దాని అర్థం తెలియదు, తెలిస్తే వాడడు. మంచం సంగతి తర్వాత. ఆ ఊళ్లో నేను పడుకోలేను. అద్దె ఇల్లు ఖాళీ చేసి సూరారం వచ్చింది ఇక్కడ నన్నెవరూ ఎరగరనే.

ఇప్పుడు ఆ రోజు సంగతి విను. అప్పటికి నాకు చెవులు ఇంకా పనిచేసేవి. పనిచేయకపోయి ఉంటే బాగుండేది.

వాన లేదు, గాలి లేదు, మామూలు మధ్యాహ్నం. పాడెకు కుడి ముందు కొమ్ము మన్నాన్ పట్టాడు. నేను నిప్పు కుండతో ముందు నడిచాను. గేటు దగ్గరికి పోయేసరికి తాళం. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"సార్ ఫోన్ ఎత్తుతలేడు. తాళంచెవి నా తాన లేదు."

"అరే బేటా, మయ్యత్ భుజం మీదున్నది. జర తియ్యి. నీ సార్‌కు నేను జెప్పుకుంట" అన్నాడు మన్నాన్.

"నౌకరీ పోతది చాచా. నాకు పిల్లలున్నరు."

వాడు కూడా అబద్ధం చెప్పలేదు. భుజాలు మార్చుకుంటూ నిలబడ్డాం. ఎవరో కుర్రవాడు ఇక్కడే దించుదామన్నాడు. ఒక పెద్దమనిషి కసిరాడు: "గేటు ముంగట దించుతరార? గిదేమన్న కల్లమా? దించరాని తాన దించితే ఊరికే అరిష్టం." చివరికి వెనక్కి తిరిగి, కరీంనగర్ రోడ్డెక్కి, లారీల మధ్య నుంచి తీసుకుపోయాం. పాడెకు హారన్ కొట్టినవాళ్లు ఉన్నారు. వెనకవైపు కాలువ దాటి శ్మశానంలో దిగాం. అక్కడన్నా పిలుస్తానన్నాను. వద్దన్నారు. "బొందకాడికి వొచ్చినంక పిలువద్దు. పోయే జీవి ఆగమైతది."

పిలవలేదు. మన ఊళ్లో పిలవకుండా పంపింది మీ పెద్దమ్మనే మొదలు.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. నేను ఆమెను బతికి ఉండగా ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మా తరంలో పెళ్లాన్ని పేరుతో పిలిస్తే నవ్వేవాళ్లు. 'ఇగో' అనేవాణ్ణి. వచ్చేది. మొగుడు పెళ్లాన్ని పదిమందిలో పేరు పెట్టి పిలవగల చోటు ఊరు మొత్తం మీద ఆ బండ ఒక్కటే. ఒక్కసారి పిలవాల్సింది. ఒక్కసారే. దానికి ఒకడు తాళం వేసుకుని ఫోన్ ఎత్తకుండా కూర్చున్నాడు. వాడు కుర్రతనంలో నా లైబ్రరీకి వచ్చి బొమ్మలున్న పేజీలు చించుకుపోయేవాడు. అప్పుడే చేయి విరవాల్సింది. ఇప్పుడు అదే లైబ్రరీకి బీరువా ఇచ్చి దాని మీద తన పేరు రాయించుకున్నాడు.

దీన్ని రోడ్డు సమస్య అని రాయకు. నేను రాసింది రాసినట్టు అచ్చు వేయించు.

ఇస్తారి


అలియాబాద్,
జనవరి చివర.

పెద్దబాపుకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సుమేరాకు చదివి వినిపిస్తే తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాసింది రాసినట్టే అచ్చు వేయించాం. కానీ ఒక పొరపాటు జరిగింది. చదువుకున్న నువ్వు గానీ, ఊళ్లోనే ఉండే నేను గానీ ముందు ఆలోచించాల్సింది. మొదటి కరపత్రం పసుపు రాసిన గడప దగ్గర ఇచ్చాం. ముందు రోజే కొత్త కోడలు వచ్చిన ఇల్లది. ఆ పిల్లే బయటికి వచ్చి అందుకుని గట్టిగా చదివింది: "మా మొదటి హామీ, బొందలగడ్డ దారి." లోపల నుంచి అత్త ఉరికి వచ్చింది.

"ఏందే సుస్మితా! శుభమా అని కోడలు అడుగువెడితె బొందలగడ్డ ముచ్చట గడపల వడేస్తవా? నీకు ఓటు గావాల్నా, పీనుగు గావాల్నా?"

కాగితం ఇంట్లోకి పోకుండా కర్రతో మోరీలోకి నెట్టింది. గడప మీద నీళ్లు చల్లింది. ఆ ట్యాంకర్ నీళ్లే. తర్వాత ఏ ఇంటికి పోయినా కాగితం చేత్తో పట్టుకోలేదు. కడుపుతో ఉన్న ఒకామె తలుపే వేసుకుంది. పిల్లలు మమ్మల్ని చూసి "బొందలగడ్డ పార్టీ వొచ్చిందిరో" అని అరుస్తున్నారు.

అందుకే మళ్లీ అచ్చు వేయించాం. వరస కొంచెం మార్చాం, నీళ్లు ముందుకొచ్చాయి. నువ్వు కోపం చేసుకోకు. ఇంకొక మంచి మాట: చక్రపాణి మరదలు నామినేషన్ విత్‌డ్రా చేసుకుంది. ఇప్పుడు నాకు గట్టి పోటీ ఎవరూ లేరు.

కొత్త కరపత్రం కాపీ ఇంకా నా చేతికి రాలేదు. తర్వాత పంపుతాను. పనుల్లో ఉండి పొట్టిగా రాస్తున్నాను.

సుస్మిత


సూరారం,
ఫిబ్రవరి.

కౌన్సిలర్ అభ్యర్థి సుస్మిత గారికి,

తమ కరపత్రం కాపీ తమ చేతికి ఇంకా రాలేదేమో, నా చేతికి వచ్చింది. మన్నాన్ తెచ్చాడు. నా ముందు పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మామూలుగా వాడు నాతో మాట్లాడాలంటే సుద్దముక్కతో గచ్చు మీద రాస్తాడు. నిన్న ఏమీ రాయలేదు. జామకాయలు కూడా అమ్ముకోకుండా వెళ్లిపోయాడు.

మొదటి హామీ నీళ్లు. రెండోది మోరీలు. మూడోది వీధి లైట్లు. నాలుగోది కుక్కలు. కుక్కలకు చోటు దొరికింది. చచ్చినవాళ్లకు దొరకలేదు. 'వరస కొంచెం మార్చాం' అని రాశారు తమరు. నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నింటిలో ద్రోహం ఎప్పుడూ 'కొంచెం'తోనే మొదలవుతుంది.

అట్టడుగున 'బలపరుస్తున్నవారు' అని చక్రపాణి ఫొటో ఉంది. మెడలో కండువా, నవ్వు. ఆ ముఖం కింద మీ పేరు ఉంది. మీ పేరంటే నా తమ్ముడి ఇంటిపేరు, మా నాయిన ఇంటిపేరు, మీ పెద్దమ్మ ముత్తమ్మ మెట్టిన ఇంటిపేరు. మీకు గట్టి పోటీ లేకుండా ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైంది.

మీ నాయిన నాది ఎలుకల చదువు అన్నాడు. చక్రపాణి గేటు వేశాడు. లైబ్రరీ కమిటీ నా రిటైర్మెంటుకు ఒక్క దండ కూడా కొనలేదు. ఇవన్నీ నేను భరించాను. ఎందుకంటే వాళ్లకు నేను ఏమీ రాసి చూపించలేదు. మీకు మాత్రం రాశాను. బతికి ఉన్న మనిషికెవరికీ చెప్పనిది మీకు రాశాను. చదివి, మడిచి, పక్కన పెట్టి, వాడితో ఫొటో వేయించారు.

ఇక నాకు రాయవద్దు. మన్నాన్ చేత పంపితే చదవకుండా వాపసు చేస్తాను.

ఒక ఓటరు,
ఇస్తారి


అలియాబాద్,
ఫిబ్రవరి.

పెద్దబాపూ,

వాపసు చేస్తానన్నావు. చదివి చెయ్యి.

నేను దాచాను. నిజం. కరపత్రాలు మోరీలో పడ్డ రోజు సాయంత్రం చక్రపాణి మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "చెల్లె, నీ బస్తీకి నీళ్లు రావాలంటే పెద్ద ట్యాంకు కాంచి పైపు యాడికెళ్లి రావాలె? నా వెంచర్లకెళ్లి. ఇంకో తొవ్వ లేదు, ఇంజనీర్లను అడుగు. నేను సంతకం పెట్టకుంటే నువ్వు గెల్చినా ఐదేండ్లు గాలే. నా మరదలును కూసోవెడ్త. పైపుకు జాగ ఇస్త. గా బొందలగడ్డ ముచ్చట మాత్రం తియ్యి. గేటు తీసి శవాలను తిప్పితె నా ప్లాట్లు ఎవడు కొంటడు?" అన్నాడు.

నేను ఇంజనీర్లను కూడా అడిగాను. వాడు చెప్పింది నిజమే. నీళ్లూ దారీ రెండూ వాడి గోడలోంచే రావాలి. రెండూ అడిగితే రెండూ రావు. ఒకటే అడగాలి.

నువ్వైతే ఏది అడుగుతావో నాకు తెలుసు. నేను ఏది అడిగానో ఎందుకు అడిగానో ఇప్పుడు చెప్తాను. ఇది కూడా నీకు చెప్పకుండా దాచినదే, చాలా ఏళ్ల నుంచి.

పెద్దమ్మను ఆస్పత్రికి తీసుకుపోయే ముందు రోజు బోరు దగ్గర వరసలో నా వెనకే ఉంది. నడుము పట్టేసింది, నిలబడలేకపోతోంది. బిందె కింద పెడితే వరస పోతుందని చంకలోనే పెట్టుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. అప్పుడు అంది: "బిడ్డా, మీ పెద్దబాపు చేతిల పుస్తకముంటె నేను బిందె దించింది గూడ ఆయనకు ఇనవడది. పాపం, ఆయన తప్పు గాదు, గా పుస్తకాలల్ల ఏమున్నదో. నువ్వెప్పుడన్న పెద్ద కుర్సీల కూసుంటె ముందుగాల నల్లా తెప్పియ్యి." నవ్వుతూనే అంది.

ఆమెను దించడానికి చోటు దొరకలేదని నీ బాధ. ఆ బాధ చిన్నదని నేను అనను. కానీ బతికినన్నాళ్లు ఆమెకు బిందె దించే చోటు దొరకలేదు పెద్దబాపూ. కరపత్రంలో ఏది ముందు రాయాలని ఆ రాత్రంతా కూర్చున్నాను. నువ్వు పిలవాలనుకున్న మనిషే నాకు చెప్పింది.

నన్ను క్షమించమని అడగను. పోలింగు రోజు రా. నీ ఓటు ఇక్కడే ఉంది. నాకు వేయకపోయినా సరే, వచ్చి వెయ్యి. మన్నాన్ చాచా ఇంట్లో దిగు, మా ఇంటికి రాకపోతే రాకు.

సుస్మిత


అలియాబాద్, మన్నాన్ ఇంటి నుంచి,
లెక్కింపు ముందు రోజు.

సుస్మితకు.

నాలుగిళ్ల అవతలే ఉండి ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. నా ముందు కూర్చుని నువ్వు నోరు కదిపితే నాకు అందదు. నేను చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడబుద్ధి కావడం లేదు.

గండిమైసమ్మ దగ్గర ఒక బస్సు, మేడ్చల్‌లో ఒక బస్సు మారి వచ్చాను. ఓటు వేశాను. నీకే వేశాను. ఆ ఫొటోకు వేయలేదు, ఆ ఫొటో పైన రాసిన మొదటి లైనుకు వేశాను.

నిన్న పొద్దున తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే మన్నాన్ వచ్చి సుద్దతో గచ్చు మీద రాశాడు: "చక్రపాణి తల్లి పోయింది." నాకేం, అన్నాను. వాడు కింద ఇంకో లైను రాశాడు. "గేటు తీస్తరు."

నువ్వు ఆడవాళ్లతో బడి మలుపు దగ్గర ఆగిపోయావు. నన్ను చూసే ఉంటావు. ఆ గుంపు చివర నేనెందుకు నడుస్తున్నానో నీకు తెలియాలి. శత్రువు తల్లి పాడె వెంట పోయినవాణ్ణి ఊరు రేపు నాలుగు రకాలుగా అనుకుంటుంది. అనుకోనీ, నాకు వినపడదు.

గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. అదే వాచ్‌మన్. నన్ను చూసి తల దించుకున్నాడు. లోపల పచ్చగడ్డి, తెల్ల రంగు వేసిన హద్దురాళ్లు, రంగురంగుల జెండాలు. బండ అలాగే ఉంది. దాని మీద ఏదో నంబరు రాశారు, అంతే. పాడె దించారు. చక్రపాణి వంగి తల్లిని పిలిచాడు. వాడి పెదాలు చూశాను. 'అమ్మా' అనే మాట చెవుడున్నవాడికి కూడా కనపడుతుంది. వాడి తల్లి మీ పెద్దమ్మతో పాటు అదే బోరు దగ్గర నిలబడ్డ మనిషి. ఆ సంగతి నాకు అక్కడ గుర్తొచ్చింది.

పాడె ఎత్తి సాగిపోయారు. వాళ్ల పిలుపుకు నా పిలుపు అడ్డం రాకూడదని అంతవరకూ ఆగాను. అందరూ ముందుకు పోయాక బండ దగ్గర వంగాను. చెవి ఎటువైపో తెలియదు. రాతికి ఎటువైపైనా ఒకటే కదా. పిలిచాను. ముత్తమ్మా అని. మూడుసార్లు.

మెల్లగానే పిలిచాననుకున్నాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి అది ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియలేదు. తల ఎత్తేసరికి గుంపు మొత్తం ఆగిపోయి ఉంది. నిప్పు కుండ పట్టినవాడు వెనక్కి తిరగకూడదు. ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. చక్రపాణి తిరిగాడు. కుండతోనే నాలుగడుగులు వెనక్కి వచ్చి నా ముఖంలోకి చూసి ఏదో అన్నాడు. చాలా మాటలే అన్నాడు. తిట్టాడో, ఇంకేమన్నాడో. వాడి కళ్లు తడిగా ఉన్నాయి, కానీ అవి వాడి తల్లి కోసం కూడా అయి ఉండొచ్చు.

మన్నాన్ పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. ఇంటికి వచ్చాక సుద్దముక్క తీసుకుని గచ్చు మీద వంగాడు. నేను చేయి పట్టుకుని ఆపాను. ఏమన్నాడో నాకు తెలియవద్దు. మంచి మాట అయితే నా కోపం పోతుంది. ఇన్నేళ్లుగా నాకు తోడున్నది అదొక్కటే. చెడ్డ మాట అయితే నేను పిలిచిన పిలుపు మీద అది పడుతుంది.

పొద్దు గూకేసరికి గేటు మళ్లీ మూశారు. తాళం చూసే వచ్చాను.

రేపు నువ్వు గెలుస్తావు. నాకు ఒకే ఒక్క పని చేసిపెట్టు. ఇది హామీ కాదు, కరపత్రంలో రాయనవసరం లేదు. ఎవరి గడపా మైల పడదు. పైపు కోసం తవ్వేటప్పుడు ఆ బండ అడ్డమొస్తుంది. పగలగొట్టనీయకు. పైపును పక్క నుంచి తిప్పమను. దారి లేకపోతే లేకపోయింది, బండ ఉండనీ. మన్నాన్‌వాళ్ల ఖబరస్తాన్‌కు మాత్రం ఇంకో దారైనా చూడు, మరిచిపోకు. వాడు నవ్వుతూ అడిగాడని నవ్వి వదిలేయకు.

రేపు పొద్దున్నే సూరారం పోతున్నాను. ఫలితం మన్నాన్ రాస్తాడు. మంచం గురించి మళ్లీ అడగకు. అడిగితే వస్తానేమోనని భయం.

నల్లాలో నీళ్లు వచ్చిన రోజు నువ్వే రాయి. నిండిన బిందెను ఇంట్లో గచ్చు మీద దించితే చప్పుడెలా ఉంటుందో, వివరంగా రాయి.

నీ పెద్దబాపు